ఇంగ్లీష్ తెలిసినా నోరు పెగలడం లేదా? ఇలా మొదలుపెట్టండి

హన్మకొండలో డిగ్రీ చదివే పిల్లలను ఇంగ్లీష్‌లో ఒక పేరా రాయమంటే రాస్తారు. తప్పులు కూడా పెద్దగా ఉండవు. అదే విషయాన్ని లేచి నిలబడి రెండు నిమిషాలు చెప్పమంటే తల దించుకుంటారు. "బేసిక్స్ లేవు" అని అందరూ తేల్చేస్తారు. గ్రామర్ పుస్తకం కొనిస్తారు, కోచింగ్‌లో చేర్పిస్తారు. పిల్లవాడు ఇంకో ఆరు నెలలు టెన్సులు చదివి వచ్చి మళ్లీ అక్కడే తల దించుకుంటాడు.

బేసిక్స్ లేనివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ వాక్యం మనసులో తయారుగా ఉండి కూడా నోరు తెరవనివాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో, బడిలో నేర్చుకున్న మాటల మర్యాద వాళ్లను ఆపుతోంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దు. సార్‌ను ఎదురు ప్రశ్న అడగొద్దు. సొంత గొప్పలు చెప్పుకోవద్దు. ఆడపిల్ల గొంతు గడప దాటొద్దు. ఈ చివరిదాన్ని నేను మర్యాద అననుగానీ, మిగతావి మన ఇళ్లలో మంచిపేరు తెచ్చే అలవాట్లే. ఇంటర్వ్యూలో, విదేశాలకు పోవడానికి రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ గదిలో, విదేశీ క్లాసులో మాత్రం అవే అడ్డం పడుతున్నాయి. వాటిని మొత్తంగా వదిలేయాల్సిన పని లేదు. ఎక్కడ పక్కన పెట్టాలో, ఎక్కడ వాడుకోవాలో తెలియాలి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు చదువుకునే మీ కోసం, నేను చేయించే పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

1. ఏ భయమో ముందు తేల్చుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. చెప్పాలనుకుని చెప్పకుండా ఆగిపోయిన ప్రతిసారీ ఒక లైన్ రాయండి: ఎక్కడ, ఎవరి ముందు, ఏ వాక్యం, ఎందుకు ఆగారు. తెలుగులోనే రాయండి. వారం రోజులు చాలు.

1986లో ఎలైన్ హార్విట్జ్, మైఖేల్ హార్విట్జ్, జోఆన్ కోప్ అనే ముగ్గురు పరిశోధకులు పరాయి భాష క్లాసులో విద్యార్థులు పడే టెన్షన్‌కు దగ్గరగా ఉన్న మూడు భయాలను చెప్పారు. నలుగురి ముందు మాట్లాడాలంటే భయం, పరీక్ష అంటే భయం, ఎదుటివాళ్లు మనల్ని తక్కువగా చూస్తారేమోనన్న భయం. మన పిల్లల నోట్‌బుక్కుల్లో మూడోది "ఏమంటరో", "నవ్వుతరు" అనే మాటల్లో కనిపిస్తుంది. దీనికి తోడు మన దగ్గర ఇంకొకటి ఉంటుంది: "ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?" అన్న అనుమానం. అది భయం కూడా కాదు, పద్ధతి. అందుకే భయం పోగొట్టే చిట్కాలు దానికి పనిచేయవు.

మీ లైన్లలో "నవ్వుతరు" ఎక్కువ ఉంటే కింది రెండు, మూడు అంచెల మీద ఎక్కువ రోజులు ఉండండి. "సార్ ముందు ఎట్ల" అని ఉంటే నాలుగోదాని మీద. మాటలే దొరక్కపోతే మాత్రం పదాలు, వాక్యాలు నేర్చుకునే పని వేరుగా చేయాలి. దానికి ఈ పద్ధతి సరిపోదు.

2. హిందీ మీకు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి

వరంగల్ మండీ బజార్‌లో బేరం ఆడేటప్పుడు, కాజీపేట జంక్షన్‌లో రైలు గురించి అడిగేటప్పుడు మీరు హిందీ మాట్లాడతారు. మేరా, మేరీ తేడా ఉండదు. క్రియ ఎటో పోతుంది. అయినా ఆగరు, ఎందుకంటే అక్కడ మీకు ఎవరూ మార్కులు వేయరు. పని అయితే చాలు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన చిన్నాయనలు, మామలు ఎంతమంది ఒక్క క్లాసుకు పోకుండా అరబ్బీ, హిందీ మాట్లాడుతూ తిరిగి వచ్చారో చూడండి. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే కూర్చోబెట్టి అడగండి: మొదటి నెల ఏం చేసినవ్, ఏ మాటలు ముందు వచ్చినయ్, తప్పు మాట్లాడితే వాళ్లేమన్నరు? వాళ్ల జవాబుల్లో మీకు పనికొచ్చేది చాలా ఉంటుంది.

తండాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఒక మాట. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బజారులో హిందీ నేర్చుకున్న మీకు ఇంగ్లీష్ నాలుగో భాష. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మారడం మీకు పసితనం నుంచి అలవాటు. క్లాసులో ఈ పని అందరికంటే ఎక్కువ చేసింది మీరే. ఏ ఏజెన్సీ ఊరిలోనైనా కోయ, గోండి పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

హిందీతో పోలిస్తే ఇంగ్లీష్ మనకు పరీక్షగా, హోదాగా పరిచయమైంది. తప్పు మాట్లాడితే మార్కులు పోతాయి, ఇజ్జత్ పోతుంది. కాబట్టి మార్కులు లేని చోట ఇంగ్లీష్‌ను రోజూ ఒక్కసారైనా పనికి వాడాలి. ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌కు కాల్ చేసి ఇంగ్లీష్ ఎంచుకోండి. అవతలి మనిషికి మీరెవరో తెలియదు, రేపు మీకు ఎదురుపడరు. రీచార్జ్ వివరాలు అడగండి, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి, థాంక్స్ చెప్పి పెట్టేయండి. ఎన్ఐటీ వరంగల్‌లో దాదాపు సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లకే. క్యాంపస్ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర తెలుగు రాని విద్యార్థులు రోజూ ఉంటారు. వాళ్లకు ఊరి దారులు, బస్సులు, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో తెలియదు, మీకు తెలుసు. సంభాషణకు అంతకంటే మంచి మొదలు దొరకదు.

3. మీ యాసను పక్కన పెట్టకండి

ఇంగ్లీష్ దాకా పోకముందే, తెలుగులోనే నోరు మూయించుకున్న పిల్లలు ఉత్తర తెలంగాణలో ఎంతోమంది ఉన్నారు. "గట్లనా, ఏం భాష అది" అని బడిలోనో, హైదరాబాద్ హాస్టల్లోనో ఎవరో ఒకరు నవ్వి ఉంటారు. సొంత మాట మీదే నవ్వు పడ్డవాళ్లు ఇంకో భాషలో నోరు తెరవడానికి ఎంత ఆలోచిస్తారో ఊహించండి. కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, మంచిదే. కానీ మిగతా రోజుల్లో ఇంగ్లీష్ టీచరే పిల్లల యాసను సరిదిద్దుతూ కూర్చుంటే ఆ పిల్లలు ఏ భాషలోనూ మాట్లాడరు.

కాబట్టి మీ తెలుగుతోనే మొదలుపెట్టండి. మీ ఇంట్లో, మీ ఊళ్లో కళ్లారా చూసిన పని ఒకటి తీసుకోండి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోవడం, తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చడం, మేడారం జాతరకు పోవడం. ఇంట్లో చెప్పినట్టే మీ యాసలో రెండు నిమిషాలు చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేయండి. విని, ముందు ఏం చెప్పారు, తర్వాత ఏం చెప్పారు అని నాలుగైదు ముక్కలు రాసుకోండి. అదే వరుసలో ఇంగ్లీష్‌లో చెప్పండి. తెలుగు వాక్యాన్ని అనువాదం చేయొద్దు, వరుస మాత్రమే పట్టుకోండి.

ఇంగ్లీష్‌లో మాట దొరకని చోట మన మాటే ఉంచి, ఒక చిన్న వాక్యంతో వివరించండి. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటాం. "వి ఆఫర్ జాగరీ టు ద గాడెసెస్, అండ్ వి కాల్ ఇట్ బంగారం, గోల్డ్" అంటే వినేవాళ్లు తప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతారు. రామప్ప గుడిని కూడా ఇలాగే సాధన చేయండి: 1213 నాటి గుడి, రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. పాలంపేటకు వచ్చిన విదేశీ యాత్రికుడికి ఇవి చెప్పగలిగితే మీ ఇంగ్లీష్ పనిచేస్తున్నట్టే.

మన ఆటపాటల్లో సిగ్గు పోగొట్టే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. బతుకమ్మ దగ్గర ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎంత సిగ్గరి అమ్మాయైనా అక్కడ గొంతు విప్పుతుంది, ఎందుకంటే ఆమె గొంతు పది గొంతుల్లో కలిసి ఉంటుంది. నాలుగేళ్లు తిరిగేసరికి తనే పాట ఎత్తుకుంటుంది. ఇంగ్లీష్‌ను కూడా అలా సాధన చేయండి. మొదట ఒక పేరాను అందరూ కలిసి బయటికి చదవండి, తర్వాత ఒకరు వాక్యం అంటే మిగతావాళ్లు అనండి, ఆ తర్వాత వాక్యం ఎత్తుకునే పని వంతులవారీగా మార్చండి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి పక్కన వంతపాడేవాళ్లు ఉంటారు. ఆ పద్ధతిని ఇద్దరిద్దరుగా వాడుకోవచ్చు. ఒకరు కథ చెబుతుంటే రెండోవారు "రియల్లీ?", "దెన్ వాట్ హ్యాపెన్డ్?" అంటూ ముందుకు నడిపించాలి. చెప్పేవారు తడబడితే ఆ ప్రశ్నే చేయి అందిస్తుంది.

4. ప్రశ్న అడగడం సాధన చేయండి

మన క్లాసులో కదలకుండా వింటే శ్రద్ధ ఉన్నట్టు. అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీల్లో అదే మౌనం వేరుగా కనిపిస్తుంది: అర్థం కాలేదనో, ఆసక్తి లేదనో అనుకుంటారు. అమెరికాలో చాలా కోర్సుల్లో చర్చలో పాల్గొన్నందుకు మార్కులు కూడా ఉంటాయి.

ప్రతి క్లాసుకు ముందు ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి. మన దగ్గర "సార్, ఒక్క మాట" అని అనుమతి తీసుకుని మాట్లాడతాం కదా, ఇంగ్లీష్‌లోనూ దానికి దారి ఉంది: "ఎక్స్‌క్యూజ్ మి, కుడ్ ఐ ఆస్క్ సమ్‌థింగ్?" అది అన్నాక మీకు ఎంతవరకు అర్థమైందో ఒక వాక్యం చెప్పి, ఆ తర్వాత ప్రశ్న అడగండి. సార్‌ను పరీక్షిస్తున్నట్టు ఉండదు, మీరు విన్నారని కూడా తెలుస్తుంది. ఆలోచించుకోవడానికి సమయం కావాలంటే "లెట్ మి థింక్ ఫర్ ఎ సెకండ్" అనండి. మౌనంగా ఉండిపోతే వాళ్లు మీ వంతు అయిపోయిందనుకుని ముందుకు పోతారు.

5. మర్యాద ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో దాదాపు ఎవరూ చెప్పని పాఠం ఇదే.

మనకు మర్యాద క్రియలోనే ఉంటుంది. "ఇయ్యుండ్రి" అంటే చాలు, ప్లీజ్ అక్కర్లేదు. ఆ అలవాటుతో ఇంగ్లీష్‌లో "గివ్ మి వన్ ఫామ్" అంటాం. మన మనసులో వినయమే ఉంటుంది, చేతులు కట్టుకునే ఉంటాం. అవతలివారికి మాత్రం అది హుకుంలా వినిపిస్తుంది. జెన్నీ థామస్ అనే భాషా శాస్త్రవేత్త 1983లో ఈ సంగతి మీద రాశారు. గ్రామర్ తప్పితే వినేవాళ్లు భాష సరిగా రాదనుకుంటారు. ఇలాంటి చోట తప్పితే మనిషే మొరటు అనుకుంటారు. పైగా గ్రామర్ బాగా వచ్చినవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాళ్లకు తెలియక అన్నారని ఎవరూ అనుకోరు.

ఏదైనా అడిగేటప్పుడు వాక్యం మొదలుపెట్టే మూడు మాటలు నోటికి రావాలి. తోటివాళ్లతో, షాపులో "కెన్ ఐ హ్యావ్..." సరిపోతుంది. ఆఫీసులో, తెలియనివాళ్లతో "కుడ్ యు ప్లీజ్..." అనండి. ప్రొఫెసర్‌ను గడువు పెంచమనో, సిఫార్సు లేఖ ఇమ్మనో అడిగేటప్పుడు "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్..." అని మొదలుపెట్టండి. అడిగే పని పెద్దదయ్యే కొద్దీ మొదలు పొడుగవుతుంది. ఇంట్లో అమ్మను రోజూ అడిగేవన్నీ, నీళ్లు, చార్జర్, బస్సు పైసలు, ఈ మూడు రకాలుగా మనసులో అనుకుంటూ ఉండండి.

కాదని చెప్పడం ఇంకా కష్టం. మన దగ్గర పెద్దవాళ్లకు నేరుగా కాదనం, "చూద్దాం సార్", "ట్రై చేస్తా" అంటాం. ఇద్దరికీ సంగతి అర్థమవుతుంది. అమెరికా మేనేజర్‌తో "ఐ విల్ ట్రై" అంటే ఆయన ఆ పని అవుతుందనే లెక్క వేసుకుంటాడు. శుక్రవారం పని అందకపోతే మీరు మాట తప్పినవారవుతారు. అందుకే కుదరదని చెప్పి, వెంటనే ఏది కుదురుతుందో చెప్పండి: "ఐ కాంట్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే, బట్ ఐ కెన్ గివ్ ఇట్ టు యు ఆన్ మండే." రెండో సగం ఉంటే మొదటి సగం మర్యాద తప్పదు. మనం తల అటూ ఇటూ ఊపి ఒప్పుకుంటే చాలామంది విదేశీయులకు అది అవునో కాదో తెలియదు. వీడియో కాల్‌లో "యెస్" అని నోటితోనే అనండి.

పలకరింపులు కూడా. "తిన్నవా?", "ఎటు పోతున్నవ్?" మన ప్రేమ. వాటినే ఇంగ్లీష్‌లోకి మార్చి అడిగితే ఆరా తీస్తున్నట్టు ఉంటుంది. జీతం, పెళ్లి ఊసు అసలే వద్దు. వాతావరణం, వీకెండ్, దారిలో ట్రాఫిక్, వీటితో మాట కలపండి.

6. మీ గురించి మీరు చెప్పుకోవడం

"టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే మనవాళ్లు పేరు, బాపు పేరు, ఊరు, జిల్లా, అన్నదమ్ములు ఎంతమంది అని చెబుతారు. మన ఊళ్లో మనిషిని గుర్తుపట్టేది అలాగే కాబట్టి అందులో వింత లేదు. ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది మీరేం చేశారన్నది. అక్కడికి వచ్చేసరికి మనకు గొంతు తగ్గిపోతుంది, సొంత డబ్బా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది.

ఈ సిగ్గును ఉంచుకునే బయటపడొచ్చు. విశేషణాలు తీసేయండి, పని చెప్పండి. "ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్" అనడానికి మీకే మొహమాటంగా ఉంటుంది, వాళ్లకూ నమ్మకం కుదరదు. డిగ్రీ చదువుతూ పొద్దున పాలకేంద్రంలో లెక్కలు రాశారా? అది చెప్పండి, ఎన్ని ఇళ్ల లెక్క, ఎన్నేళ్లు రాశారో చెప్పండి. పంట అమ్మకానికి బాపుతో మార్కెట్‌కు పోయి రేటు మాట్లాడారా? అదీ అనుభవమే. జరిగిన పని చెప్పడం గొప్పలకు పోవడం కాదు. "వి" అనే అలవాటును కూడా గమనించండి. ప్రాజెక్టు అంతా "వి డిడ్" అంటే మీ వంతు ఏమిటో వాళ్లకు తెలియదు. జట్టు చేసింది ఒక వాక్యం, మీరు చేసింది రెండు వాక్యాలు చెప్పండి.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. రెండో భాగంలో ఒక కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా మీరే మాట్లాడాలి. అవతలివారు తల ఊపరు, మెచ్చుకోరు. పెద్దవారి ముఖం చూసి మాట కొనసాగించే అలవాటున్న మనకు ఆ రెండు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అందుకని గోడ వైపు తిరిగి, గడియారం పెట్టుకుని సాధన చేయండి.

7. ఉచ్చారణ

దీని మీద అనవసరంగా బెంగపడుతున్నారు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "బస్సు", "బుక్కు" అంటాం. చివరి అచ్చును వదిలేయడం, "ఇస్కూల్"లో ముందు వచ్చే ఇకారం తీసేయడం, పొడవాటి మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో డిక్షనరీ యాప్‌లో వినడం, ఈ మూడూ చేయండి. ఐఈఎల్‌టీఎస్‌లో ఉచ్చారణకు నాలుగో వంతు మార్కులు ఉంటాయి. వాళ్లు చూసేది స్పష్టతను. తెలుగు యాస వినిపించిందని మార్కులు తీసేయరు.

8. జర్మన్, జపనీస్ నేర్చుకునేవాళ్లకు

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ, జపాన్ ఉద్యోగాల కోసం ఇక్కడి నర్సింగ్ విద్యార్థులు ఈ భాషలు నేర్చుకుంటున్నారు. ఇంగ్లీష్‌కు చెప్పిన మర్యాదలు వీటికి అలాగే సరిపోవు.

జర్మన్‌లో "జీ", "డూ" తేడా మన మీరు, నువ్వు లాంటిదే, కాబట్టి అది మనకు సులువు. కష్టమైనది వాళ్ల సూటి మాట. "నైన్", అంటే కాదు, అని ముఖం మీద అంటారు, కోపంతో కాదు. వార్డులో డాక్టర్ చెప్పింది అర్థం కాకపోతే తల ఊపకండి, మళ్లీ అడగండి. రోగి మందుల సంగతి అది.

జపనీస్‌లో క్రియ తెలుగులోలా వాక్యం చివర వస్తుంది, కాబట్టి వాక్యం తొందరగా పట్టుబడుతుంది. కాదని నేరుగా అనకపోవడం కూడా మనకు తెలిసిందే. వినేటప్పుడు మధ్యమధ్యలో "హై" (అవును), "సో దెస్ నే" (అలాగా) అంటూ ఉండాలి, దాన్ని ఐజుచి అంటారు. నానమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టిన మీకు దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: జపనీస్ భాష ఎంత వచ్చో చూసే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. ఆ సర్టిఫికెట్ వచ్చిందని మాట్లాడటం వచ్చిందనుకోవద్దు.

9. జట్టు కట్టండి

నలుగురైదుగురు చాలు. భద్రకాళి బండ్ మీదో, కాలేజీ లైబ్రరీ వెనకో, వారంలో మూడు సాయంత్రాలు కలవండి. సాయంత్రం బయటికి పంపని ఇళ్ల అమ్మాయిలు వాయిస్ మెసేజ్‌లతో చేరొచ్చు: ఒకరు రెండు నిమిషాలు మాట్లాడి పెడితే మిగతావాళ్లు గొంతుతోనే జవాబు ఇవ్వాలి, టైప్ చేయకూడదు. ఇంట్లో గొంతు పెంచడానికి వీల్లేకపోతే మేడ మీద, కాలేజీ బస్సులో మాట్లాడండి. అబ్బాయిలు ఉన్న జట్టులో ఎప్పుడూ వాళ్లే ముందు మాట్లాడకుండా చూడండి, మొదటి వంతు రోజుకొకరికి మారాలి.

తల్లిదండ్రులకు, లెక్చరర్లకు కూడా ఒక విన్నపం. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, ఇంగ్లీష్‌ల మాట్లాడు" అని పిల్లలను నిలబెట్టకండి. క్లాసులో ప్రశ్న అడిగి వెంటనే ఫస్ట్ బెంచీ వైపు చూడకుండా కాసేపు ఆగండి, ముందు పక్కవాళ్లతో చెప్పుకోనిచ్చి తర్వాత అందరి ముందు చెప్పించండి. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది. 2023-24 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఇంగ్లీష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. పుస్తకం మారింది, పరీక్ష మారింది. పిల్లలు తప్పు మాట్లాడినప్పుడు క్లాసులో వినిపించే నవ్వును మాత్రం లెక్చరరే ఆపాలి.

జట్టులో మొదటి నెల ఎవరూ ఎవరి గ్రామర్‌నూ సరిదిద్దకూడదు. రెండో నెల నుంచి మాట్లాడినవారే అడిగితే ఒక్క తప్పు చెప్పండి, అదీ వాళ్లు మాట పూర్తి చేసిన తర్వాతే. మొదటి సాయంత్రానికి విషయం: మీ ఊరికి హన్మకొండ నుంచి ఎలా రావాలి, వస్తే ఏం చూపిస్తారు.